కొత్తది పలికేదాకా

"సోమవారం పొద్దున మేం వచ్చి కుర్చీల్లో కూర్చునేసరికి అన్నీ నడుస్తుండాలమ్మా. ఆఫీసు మారినట్టే తెలియకూడదు" అన్నాడు మా మేనేజరు.

నాకు నవ్వొచ్చింది. ఈ మాట నాకు కొత్త కాదు. మేము ఇల్లు మారినప్పుడు మా అత్తగారూ ఇదే అన్నారు. "పొద్దున లేచేసరికి నా కాఫీ నా చేతికి రావాలి. ఇల్లు మారిందని నాకు తెలియకూడదు." తెలియనివ్వలేదు. మా ఆయనైతే ఆ రోజు సెలవు కూడా పెట్టలేదు. పొద్దున పాత ఇంట్లోంచి ఆఫీసుకు వెళ్ళాడు, సాయంత్రం తిన్నగా కొత్త ఇంటికి వచ్చాడు. ఇంట్లో కట్టుకునే బట్టలు మంచం మీద ఉన్నాయి, ఫోను ఛార్జరు ఆయన తలవైపు గోడకే ఉంది. చెప్పులు విడిచే చోటు కోసం మాత్రం ఒక్క క్షణం వెతుక్కున్నాడు. "స్టాండు ఇక్కడ పెట్టావేంటి, తలుపు పక్కన పెట్టొచ్చుగా?" అన్నాడు. ఇల్లు మార్చినందుకు నాకు దక్కిన మాట అదొక్కటే.

మాది రోజంతా కస్టమర్ల ఫోన్లు మోగే ఆఫీసు. అక్కడి కంప్యూటర్లు, సర్వర్లు, ఫోన్ లైన్లు అన్నీ నా పూచీ. నాకీ పని నేర్పిన పెద్దావిడ ఇప్పుడు రిటైరైపోయింది. ఆవిడ ఎప్పుడూ ఒకటే చెప్పేది: "కొత్తది పలికేదాకా పాతదాన్ని ఆపకే." అందుకే కొత్త బిల్డింగులో ముందే లైన్లు వేయించాను. ఇక్కడున్న సమాచారమంతా అక్కడ కూడా ఉండేలా చూశాను. కొన్ని వారాలపాటు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిచాయి. నేనూ అంతే, ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకేసారి నడుస్తున్నదాన్ని. నాకు మాత్రం పాతదాన్ని ఆపే రోజు రాలేదు.

"ఇది సాఫీగా జరిగిందంటే సిస్టమ్స్ హెడ్ కుర్చీ మీదేనమ్మా" అన్నాడు మేనేజరు. ఆ కుర్చీ మీద నాకు ఆశ ఉంది. ఆ మాట చెప్పడానికి సిగ్గెందుకు? మగవాడికుంటే లక్ష్యం అంటారు, నాకుంటే దురాశ అంటారు. అననీ.

శనివారం పొద్దున్నే లేచి రెండు రోజులకు సరిపడా వండి, డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఇంటిని ఫోనులో పెట్టుకుని బయల్దేరాను. నాతోపాటు మా టీములో ఇంకొకతను వచ్చాడు. అందరూ అతన్ని సెల్ఫీ అంటారు, ఎందుకో ఆ రోజు మళ్ళీ చూశాను. నేను బల్ల కింద దూరి ఒక్కో వైరుకూ టేపు అంటించి గుర్తు రాస్తుంటే, అతను ఖాళీ అయిన సర్వర్ గదిలో నిలబడి ఫొటో దిగాడు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది.

"అమ్మ బీపీ మాత్రలెక్కడ?"

"ఫ్రిజ్ మీద, నీలం డబ్బాలో."

"లేదే."

"ఎడంవైపు చెయ్యి చాపండి."

"ఆఁ, ఉంది. నువ్వింట్లో ఉంటే ఈ గొడవే ఉండేది కాదు."

ఆ తర్వాత గ్యాసు, ఆ తర్వాత తువ్వాలు, ఆ తర్వాత పెరుగు. సెల్ఫీకీ ఇల్లుంది, పెళ్ళాముంది, నెలల పిల్ల ఉంది. ఆ రెండు రోజుల్లో అతనికి ఇంటినుంచి ఒక్కటే ఫోను వచ్చింది, భోంచేశారా అని అడగడానికి.

సోమవారం అందరూ వచ్చారు, కూర్చున్నారు. ఫోన్లు మోగాయి, ఎత్తారు. అకౌంట్స్ ఆవిడ ఏసీ చల్లగా ఉందని గొణిగింది, అంతే. పని బాగా చేస్తే ఎవరికీ కనపడదు, చెడితేనే నేనొకదాన్ని ఉన్నానని గుర్తొస్తుంది. "ఏముందండీ, వైర్లు పీకి మళ్ళీ గుచ్చడమేగా" అని హెడ్డాఫీసువాళ్ళతో మేనేజరు నవ్వుతున్నాడు. సాయంత్రం కుటుంబాలతో సహా విందు. నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని మా ఆయన వచ్చాడు. ఒక మూల ఆయనా మేనేజరూ మాట్లాడుకుంటూ నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను, పిచ్చిదాన్ని.

మర్నాడు హెడ్‌గా సెల్ఫీ పేరు చెప్పారు.

నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళాను. "కుర్చీ నాదే అన్నారు కదా సార్?"

"అన్నానమ్మా. కానీ మీవారే చెప్పారు. ఇంట్లో పెద్దావిణ్ణి చూసుకోవాలి, ఇప్పుడున్న పనే ఎక్కువ, ఇంకా బాధ్యతలు పెట్టకండి అని. మీ మంచికే కదా అని..."

"నన్నెందుకు అడగలేదు?"

"ఇంటాయనే చెప్పాక ఇంకేం అడుగుతామమ్మా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? "ఆ కుర్చీ నాకు కావాలి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఆర్డరు వెళ్ళిపోయిందమ్మా. పైనెల్లో పక్క ఊరి బ్రాంచి కూడా మారుతోంది. అక్కడ హెడ్‌గా ఎవరూ వెళ్ళనంటున్నారు, ఈ వారమే వెళ్ళాలి, అక్కడే ఉండాలి. మీవారిని అడిగి చెప్పండి, పోనీ."

"అడగక్కర్లేదు. వెళ్తాను."

ఇంటికి వచ్చి, విందులో ఆ మాట అన్నావా అని మా ఆయన్ని అడిగాను. ఎప్పుడూ 'మీరు' అనేదాన్ని, నోటికి 'నువ్వు' వచ్చింది. అది ఆయన గమనించలేదు, లేదా గమనించనట్టున్నాడు.

"నీ మంచికే చెప్పాను. అలసిపోతున్నానని రోజూ నువ్వేగా అంటావు?"

"అలసిపోతున్నానంటే గిన్నెలు కడుగుతావనుకున్నాను. నా ఉద్యోగం కడిగేస్తావనుకోలేదు."

"వాడికి నీ మీద ప్రేముండబట్టే కదమ్మా" అన్నారు అత్తగారు లోపల్నుంచి. ఈ ఇంట్లో నాకు ప్రేమ ఎప్పుడూ ఇలాగే వస్తుంది, నా చేతిలోంచి ఏదో ఒకటి తీసుకుని పోవడానికి.

పక్క ఊరి సంగతి చెప్పి, గదిలోకెళ్ళి పెట్టె సర్దుకున్నాను. మామూలుగా పుట్టింటికి రెండు రోజులు వెళ్ళాలన్నా ముందు వారం నుంచీ పొడులు కొట్టి, డబ్బాల మీద పేర్లు రాసి పెట్టేదాన్ని. ఈసారి చెంచా కూడా కదపలేదు. ఆయన గుమ్మంలో నిలబడి నా చేతులనే చూస్తున్నాడు. వాటిలో నా బట్టలు తప్ప ఏమీ లేకపోవడం చూసి ఆయనకు భయం వేసినట్టుంది.

"మరి వంటా అదీ ఎలా? పొద్దున కాఫీ? ఇక్కడంతా ఆగిపోతుంది!"

"ఆగుతుంది."

"అమ్మ మాత్రలైనా ఎక్కడున్నాయో చెప్పి వెళ్ళు."

"శనివారం చెప్పాను. చెయ్యి చాపి తీసుకుందీ నువ్వే."

పెట్టె ఈడ్చుకుంటూ స్టాండు దగ్గరికి వెళ్ళి నా చెప్పులు తీసుకున్నాను. ఆ ఊళ్ళో నాకింకా గది దొరకలేదు, అక్కడ పని ఎలా ఉంటుందో తెలియదు, ఎవరు పలకరిస్తారో తెలియదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, కొత్తది పలక్కముందే పాతదాన్ని ఆపేశాను.