ఓడ మీది కట్టుబాటు

గంగారత్నానికి అన్నిటికంటే తనంటేనే భయం. పిల్లవాడు ఒళ్ళో ఉండగానే, బతకాలన్న కోరిక తనలోంచి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతుందేమోనని భయం. అత్తగారి నోరన్నా, మొగుడి మౌనమన్నా ఇంత భయం లేదు. వాటికి ఒక వేళాపాళా ఉంటుంది. దీనికి అదీ లేదు. బియ్యం ఏరుతుంటే వస్తుంది, పాలిస్తుంటే వస్తుంది, వచ్చి తీరిగ్గా పక్కన కూర్చుంటుంది.

ఆమె పుట్టింది రంగూన్‌లో. తండ్రి అక్కడ రేవులో కళాసీ. బర్మా అక్షరాలు దిద్దుకుంటున్న పిల్లని, ఇండియా వాళ్ళకి అక్కడ బతుకు లేదని తేలిపోయాక, ఓడెక్కించి తీసుకొచ్చారు. బెజవాడ బడిలో తెలుగు రాయడం రాదని ఒకటో తరగతిలో, తన నడుమెత్తు కూడా లేని పిల్లల మధ్య కూర్చోబెట్టారు. ఆ సిగ్గుకి మానేసింది. ఇంట్లోనూ ఎవరూ వెళ్ళమనలేదు. ఈడొచ్చాక గవర్నర్‌పేటలో ఉంటూ చేపల వ్యాపారం చేసే కాశీరావుకిచ్చి చేశారు. కులం ఒకటే. చుట్టరికం కూడా ఎక్కడో దొరికింది. మాటే కలవలేదు.

ఆమె నోరు తెరిస్తే తోడికోడలు నవ్వేది. బిడ్డ బుగ్గలకి బర్మా పద్ధతిలో చెట్టుబెరడు గంధం రాస్తే, అత్తగారు సన్యాసమ్మ తడిగుడ్డతో తుడిచేసి "మా ఇంటి బిడ్డకి ఈ చేతబడులేంటే" అనేది. బర్మా జోలపాటలు పాడకూడదంది. గంగారత్నానికి వచ్చినవన్నీ అవే. అందుకని పిల్లవాణ్ణి నోరు మూసుకునే ఊపేది. బర్మా నుంచి వచ్చినవాళ్ళుండే కాలనీ నుంచి ఆమె తల్లి బుల్లెమ్మ నాలుగైదుసార్లు వచ్చిపోయాక, బర్మావాళ్ళు తమ గుమ్మంలో కనబడితే నామోషీగా ఉంటోందని సన్యాసమ్మ చాటుగా కబురంపింది. కూతురి కాపురం బాగుంటే చాలని బుల్లెమ్మ రావడం మానుకుంది. తల్లి ఎందుకు రావడంలేదో గంగారత్నానికి ఎవరూ చెప్పలేదు.

బతకబుద్ధి కావడంలేదని మొగుడికి రెండుసార్లు చెప్పి చూసింది. ఆడాళ్ళందరూ అనే మాటేగా అని నవ్వి, అతను చొక్కా తొడుక్కుని మార్కెట్టుకి వెళ్ళిపోయాడు.

మిగిలింది మార్త ఒక్కతే. వీళ్ళతో ఒకే ఓడలో వచ్చిన మనిషి, వయసులో పెద్దది. గుణదలలో కాపురం, ఓ చిన్న ఆస్పత్రిలో ఆయా పని. డ్యూటీ దిగి వెళ్తూ వీధి కుళాయి దగ్గర ఆగేది. గంగారత్నం పిల్లవాడి గుడ్డలు జాడిస్తుంటే ఇద్దరూ గొంతు తగ్గించి బర్మా భాషలో మాట్లాడుకునేవారు. ఆ కాసేపూ గంగారత్నం నవ్వేది కూడా.

ఒకరోజు ఆ భాషలోనే అంతా చెప్పేసింది. తెల్లారి లేవకపోతే బాగుండునని అనిపిస్తోందని, తన మీద తనకే నమ్మకం పోతోందని, ఎవరితోనూ అనవద్దని. మార్త ఆమె తడిచేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. గంగారత్నం గుండె తేలికపడింది.

సాయంత్రం ముందుగదిలోకి పిలుపొచ్చింది. వెళ్ళి చూస్తే మార్త కుర్చీలో కూర్చుని ఉంది, చేతిలో కాఫీ గ్లాసు. అంతవరకూ ఆమెని ఆ ఇంట్లో ఎవరూ గుమ్మం దాటనిచ్చింది లేదు. సన్యాసమ్మ కుళాయి దగ్గరి మాటలన్నీ ఒక్కటీ పోకుండా అప్పజెప్పింది. తన భాషలో దాచుకున్న మాటలు అత్తగారి నోట తెలుగులో వింటుంటే, నడివీధిలో కోక లాగేసినట్టయింది గంగారత్నానికి.

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా," అన్నాడు కాశీరావు.

గంగారత్నం అతని మొహంలోకి చూసింది. అబద్ధమాడటం లేదు. నిజంగానే మర్చిపోయాడు.

"రేపు నువ్వేదన్నా చేసుకుంటే మేం బజార్లో తలెత్తుకు తిరగాలా వద్దా?" అంటూ సన్యాసమ్మ ఆమె ఒళ్ళోంచి పిల్లవాణ్ణి తీసేసుకుంది. "పాలవేళకి తెచ్చిస్తాలే. నా కళ్ళెదుటే ఇద్దువుగాని."

మార్త గాభరాగా లేచి ఏదో చెప్పబోయింది. ఇక నువ్వెళ్ళొచ్చన్నట్టు సన్యాసమ్మ వీధి తలుపు వైపు చూసింది.

మార్త చెడ్డది కాదు. ఓడ మీద వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఉన్నదంతా వదులుకుని వస్తున్న ఆ జనంలో ఒకావిడ ఇలాగే మాట్లాడింది. విన్నవాళ్ళు ఊరుకున్నారు. తెల్లారేసరికి ఆవిడ లేదు. అప్పటినుంచీ అలాంటి మాట ఎవరి నోట విన్నా ఆ కుటుంబంలో పెద్దకి వెంటనే చెప్పాలనుకున్నారు. చెబితే పెద్దలు తిట్టేవారు కాదు. ఆడవాళ్ళంతా వచ్చి ఆ మనిషి చుట్టూ చాపలు పరుచుకుని వంతులేసుకుని కూర్చునేవారు. కాలనీలోనూ అదే నడిచింది. మార్త దాన్నే గవర్నర్‌పేటకి తెచ్చింది. పెద్దలంటే ఎక్కడైనా పెద్దలేననుకుంది.

ఇక్కడ ఎవరూ చాప పరవలేదు. బర్మా గాలి సోకిందని వేపమండలవాణ్ణి పిలిపించారు. గదికి బయట గడియ పెట్టారు. పాలవేళకి కూడా పిల్లవాణ్ణి తేకపోవడంతో పాలు గడ్డకట్టి గంగారత్నానికి జ్వరం తగిలింది. అవతల పిల్లవాడు ఏడుస్తుంటే ఇవతల గోడకి చెవి ఆనించి కూర్చునేది. ఇన్నాళ్ళూ ఆమెని ఆపుతున్నది వాడే. వాణ్ణే తీసేశారు.

గడియ సంగతి కుళాయి దగ్గర విని మార్త కిటికీ కిందికి పరిగెత్తుకొచ్చింది. అందరూ నీ చుట్టూ కూర్చుంటారనుకున్నానే, నీ మంచికే అనుకున్నానే అని బర్మా భాషలో ఏడ్చింది.

లోపల్నుంచి జవాబొచ్చింది.

"ముందు నన్నడగాల్సింది, అక్కా."

తెలుగులో అంది. మార్తతో ఆమె తెలుగులో మాట్లాడటం అదే మొదలు.

మార్త అట్నుంచటే కాలనీకి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ, ఆమె వెనక కాలనీ ఆడవాళ్ళు చాపలు చంకనబెట్టుకుని వచ్చి సన్యాసమ్మ అరుగు మీద కూర్చున్నారు. గొడవ లేదు, అరుపు లేదు. ఎవరడిగినా, మా పిల్లకి బాగోలేదు, కూర్చోడానికొచ్చాం అన్నారు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూడటం మొదలైంది. సన్యాసమ్మ వెళ్ళిపొమ్మంది, తర్వాత బతిమాలింది. వాళ్ళు కదల్లేదు. చివరికి కాశీరావే వెళ్ళి గడియ తీశాడు.

బుల్లెమ్మ అందర్నీ బయటే ఉండమని లోపలికి వెళ్ళి కూతురి పక్కన కూర్చుంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా, అమ్మా?"

అంత సూటిగా ఆమెని ఎవరూ అడగలేదు.

"అనిపిస్తోంది. నువ్వెందుకు రాలేదు?"

బుల్లెమ్మ లేచి వెళ్ళి, సన్యాసమ్మ చేతుల్లోంచి పిల్లవాణ్ణి తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. ముగ్గురూ రిక్షా ఎక్కి ముందు మార్త పనిచేసే ఆస్పత్రికి, అక్కణ్ణుంచి కాలనీకి వెళ్ళారు.

గంగారత్నం బతికే ఉంది. ఆ ఆలోచన పూర్తిగా పోలేదు. వచ్చిన రోజున తల్లికి చెబుతుంది, ఆ రోజు బుల్లెమ్మ పనిమానేసి పక్కనే ఉంటుంది. మార్త రోజూ వస్తుంది. గంగారత్నం పీట వేస్తుంది, మంచినీళ్ళిస్తుంది, మనసులోది మాత్రం చెప్పదు. చెప్పకపోయినా మార్త అడగడం మానలేదు.

ఇది చదివినవాళ్ళు ఒక్క పని చేయాలి. మీ వీధిలో ఎక్కణ్ణుంచో వచ్చి, యాస వేరై, నలుగురిలో కలవలేని కోడలు ఒకతె ఉండే ఉంటుంది. ఇవాళే వెళ్ళండి. అత్తగారిని కాదు, మొగుణ్ణి కాదు, ఆమెనే పక్కకి పిలిచి ఎలా ఉన్నావని అడగండి. ఎవరికి చెప్పమంటావో కూడా ఆమెనే అడగండి. ఆ మనిషి వచ్చేదాకా ఆమెని ఒంటరిగా వదిలి రాకండి.