తోడు పెట్టిన వేళ

తోడు పెట్టిన పెరుగును కదపకూడదు. మా పాల దుకాణంలో ఇది అందరూ పాటించే నియమం. మధ్యాహ్నం రెండింటికి గోరువెచ్చని పాలలో తోడు కలిపి, పన్నెండు ట్రేలు వెనకగదిలో బండ మీద పరిచి, గోనెపట్టాలు కప్పానంటే ఐదింటిదాకా ఆ గదిలోకి ఎవరూ రారు, దగ్గర్లో గట్టిగా అరవరు. దబీర్‌పురా స్టేషన్ వైపు రైలు పోతూ బండ కాస్త అదిరినా లేచి ట్రేలు చూసుకుంటాను. ఇరవై ఆరేళ్లుగా ఈ కాపలా నాదే. పెళ్లయి వచ్చిన మూడో రోజే అత్తమ్మ నా చేతిలో చెంచా పెట్టి, "నీ చెయ్యి మంచిగున్నది బిడ్డా, ఇగ నువ్వే పెట్టు" అంది. మెచ్చుకుందనుకున్నాను, పిచ్చిదాన్ని! అది జీతం లేని నౌకరీ అని తర్వాత తెలిసింది.

ఆ మూడు గంటలూ ఇదివరకు బియ్యం ఏరేదాన్ని, ఉతికిన బట్టలు మడతపెట్టేదాన్ని. పోయినేడాది మా అమ్మాయి అమల, ఆఫీసులో కొత్తది ఇచ్చారని పాత ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలేసింది. దుమ్ము తుడుద్దామని తెరిచాను. ఫోన్ వీడియోలో ఎవరో పిల్ల వెబ్ పేజీ ఎట్లా చేయాలో చెబుతుంటే, ఆపి ఆపి, మళ్లీ వెనక్కి జరిపి చూస్తూ ల్యాప్‌టాప్‌లో కొట్టాను. పదో తరగతితో ఆగిన ఇంగ్లిష్ నాది. అక్షరాలు లావు చేసే గుర్తు ఒక్కటి తెరిచి, మూయడం మరిచిపోతే పేజీ మొత్తం లావు అక్షరాలైపోయింది. ఎక్కడ మరిచానో వెతకడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. దొరికినప్పుడు ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఈ ఇంట్లో ప్రతి గిన్నెకూ మూత పెట్టేది నేను, నాకే మూత దొరకలేదా అని!

నా మొదటి పేజీలో ఏముందంటే, నీలం రంగు మీద తెల్లగా 'ఆండాలు' అని, అంతే. దుకాణం బోర్డు మీద మావయ్య వాళ్ల నాన్న పేరుంది, గేటు మీద మా ఆయన పేరుంది. నా పేరు అంత పెద్దగా నేనెప్పుడూ చూసుకోలేదు. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నవ్వితే నవ్వండి.

ఒకరోజు మా ఆయన వైకుంఠం గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏందే, పెరుగు కాడ కూసోమంటే గేములాడుతున్నవా? ఈ వయసుల గీ పిచ్చేంది?" అన్నాడు. "కండ్లు పోతయ్. గంత తీరికుంటే నా కాళ్లు పిసుకరాదు?" అంది అత్తమ్మ. ఆదివారం వచ్చిన మా మరిది శ్రవణ్‌కుమార్ మాత్రం, "అన్నా, వదిన మస్తు నేర్సుకున్నది. మన దుకాణానికి వెబ్‌సైట్ చేపియ్" అన్నాడు. అంతే, పిచ్చి కాస్తా పని అయిపోయింది.

"రంజాన్ లోపట కావాలె. దహీ ఆర్డర్లన్నీ ఫోన్‌లనే రావాలె" అన్నాడు మా ఆయన. రంగు మార్చు, ఫోటో మార్చు, అట్లనే చాయ్ పెట్టు. నా మూడు గంటలూ దుకాణానికే పోయాయి. 'మా గురించి' అన్నచోట రాయమని నిలబడి చెప్పాడు. "మా తాత పెంటయ్య పెట్టిన దుకాణం. ఎన్కసిరి మా బాపు, గిప్పుడు నేను, మా తమ్ముడు."

"పెరుగు పెట్టేదెవరో రాయొద్దా?" అన్నాను.

"గది గూడ రాస్తరా? పెరుగు దానంతట అదే పేరుకుంటది" అన్నాడు.

రెండు గుర్తుల మధ్య రాసిన మాట ఫైలులో ఉంటుంది గానీ పేజీ మీద కనబడదని అప్పటికే నేర్చుకున్నాను. అట్లా ఒక వాక్యం రాసి దాచుకున్నాను.

నిన్న బేగంబజార్ నుంచి లక్ష్మీకాంత్ భాయ్ వచ్చాడు. మా ట్రేలన్నీ ఆయన దుకాణంవే. వచ్చినవాళ్లందరికీ చదివినట్టే ఆయనకూ 'మా గురించి' గట్టిగా చదివి వినిపించి, "మా తమ్ముడు చేసిండు భాయ్. నీ దుకాణానికి గూడ చేపిస్త, ఫికర్ జెయ్యకు" అన్నాడు మా ఆయన. చాయ్ తెచ్చిన నేను అక్కడే నిలబడి ఉన్నాను.

భాయ్ పోయాక, "చేసింది నేను గదా?" అన్నాను.

"ఆడోళ్లు చేసిండ్రంటే ఎవడు నమ్ముతడే? ఆయనది గూడ చేసెయ్. పెరుగు కాడ ఖాళీగనే కూసుంటవ్ గదా."

కోపం రావడానికైనా ఓపిక ఉండాలి. నాకు అదీ లేదు. ఖాళీ చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయాను.

ఈ రోజు రెండింటికి తోడు పెట్టి, గోనెపట్టాలు కప్పి, ల్యాప్‌టాప్ తెరిచాను. దాచిన వాక్యానికి అటూ ఇటూ ఉన్న గుర్తులు తీసేశాను. దాని కింద ఇంకో రెండు చేర్చి నెట్‌లోకి ఎక్కించాను. కాసేపటికి ముందు దుకాణంలో ఎవరో గిరాకీకి మా ఆయన ఫోన్‌లో పేజీ తెరిచి చదివి వినిపించడం మొదలుపెట్టాడు. "...గిప్పుడు నేను, మా తమ్ముడు. ఇరవై ఆరేళ్లుగా పెరుగు పెడుతున్నది ఆండాలు. ఈ పేజీ చేసిందీ ఆమెనే. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆమె ఎవ్వరి పనీ..."

గొంతు అక్కడ ఆగింది. "ఏమేయ్!" అని అరుస్తూ వెనకగది గుమ్మం దాకా వచ్చాడు. "ఒర్లకురా, పెరుగు నీళ్లిడుస్తది!" అని అత్తమ్మ లోపలి నుంచి కసిరింది. పన్నెండు ట్రేల వైపు చూసి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఐదింటికి ఇంకా రెండు గంటలు. నా నీలం పేజీ తెరిచి, నా పేరు కింద రెండో వరుస మొదలుపెట్టాను.