పలకని మెట్టు

నేను ఒక హార్మోనియాన్ని. టేకు చెక్కతో, ఇత్తడి రీడ్లతో నన్ను తయారుచేసిన మేస్త్రికి పాడటం బొత్తిగా రాదు. అయినా నేను బాగానే పలికాను.

మొదట పద్యనాటకాల సన్యాసయ్య చేతుల్లో పడ్డాను. జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపడిన రాజు సైతం లేచి కూర్చుని పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు. తిత్తి ఆడినంతసేపూ పలకడం నా పని గనుక నేనేమీ అనేదాన్ని కాదు. నాటకాలు తగ్గాక సన్యాసయ్య నన్ను చెరకు పొలాల మధ్య ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఇచ్చేశాడు. వాళ్ళు నాకు దండ వేసి, ఫొటో దిగి, స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. అక్కడి చెమ్మకు నా నడిమి వరుసలో ఒక మెట్టు పలకడం మానేసింది.

కొన్నేళ్ళకు సోషల్ చెప్పే హైమావతి టీచర్ ఆ బడికి బదిలీ మీద వచ్చి నన్ను బయటికి తీయించింది. సంగీతం టీచరు పోస్టు అక్కడ ఎప్పుడూ లేదు. ఆవిడకు వచ్చింది చిన్నప్పుడు నేర్చుకున్న ఒకే ఒక్క శ్రుతి. ఏ పాటైనా అందులోనే వాయించాలి. దాంతో ప్రతి పాటలోనూ ఆవిడ వేలు ఆ పాడైన మెట్టు మీద పడుతూనే ఉండేది.

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. ప్రార్థనలో గొంతు బాగున్నవాళ్ళు ముందు నిలబడతారు. బాగోలేదని తేల్చినవాళ్ళు వెనక నిలబడి, శబ్దం రాకుండా పెదాలు ఆడించాలి. దూరం నుంచి చూసే అధికారులకు బడంతా పాడుతున్నట్టే ఉంటుంది. ఇంత శ్రమపడి పాడకుండా ఉండటం మనుషులకే చేతనవును.

నూకరత్నం అనే బొంగురు గొంతు పిల్ల ఆరో తరగతిలో చేరిన నాటి నుంచీ ఆ వెనక వరుసలోనే ఉంది. ఒకరోజు పాటలో నేను ఆగిపోయిన చోట వెనక నుంచి సరిగ్గా ఆ స్వరం వినిపించింది. టీచర్ వాయించడం ఆపి, "ఎవరది?" అంది.

"నానే టీచరు. తప్పయిపోనాది. నా గొంతు బాగోదని పెదాలాడిస్తే సాలన్నారు. పొరపాటున వొచ్చీసింది."

"తప్పేం కాదమ్మా. ఈ మెట్టు పలకదు. ఇకమీదట దీని పని నువ్వే చూసుకో."

అప్పటినుంచి ఆ చోటు నూకరత్నానిది. వెనక వరుసలో తక్కినవాళ్ళు మధ్యాహ్న భోజనం కంచాలతో తాళం పట్టారు. బెల్లం వండటం మీద పిల్లలే ఒక పాట కట్టారు. ప్రతి చరణమూ నూకరత్నం స్వరం దగ్గర ఆగేది.

హెడ్మాస్టరు ముక్తేశ్వరరావు గారు మంచి మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది. టీచర్ని సంతోషపెడదామని, వార్షికోత్సవం ముందురోజు ఎవరికీ చెప్పకుండా పట్నం నుంచి రిపేరు మనిషిని రప్పించి ఆ పలకని మెట్టు రీడు మార్పించారు.

మర్నాడు నూకరత్నం తల్లి అప్పలకొండ చెరకు కొట్టే పని మానుకుని వచ్చింది. "మా పిల్ల పాడతాది, సూడండి" అని పక్కవాళ్ళందరికీ చెప్పుకుని ముందు కూర్చుంది. బెల్లం పాటలో మొదటి చరణం చివర నూకరత్నం నోరు తెరిచింది. టీచర్ వేలు అలవాటుగా ఆ మెట్టు మీద పడింది. నేను ఖంగున పలికాను. ఆ పిల్ల బిత్తరపోయి గొంతు దిగమింగుకుని, పాత పద్ధతిలో ఉత్తి పెదాలు ఆడించింది. అప్పలకొండ చెవి ఒగ్గి వింటోంది. ఆమెకు వినిపించింది నేను. పలికినందుకు నా బతుకులో మొదటిసారి సిగ్గుపడ్డాను.

రెండో చరణం చివర టీచర్ వేలు ఆ మెట్టుకు పైన ఆగిపోయింది. పాటలో ఖాళీ పడింది. కంచాలూ ఆగాయి. వెనక నుంచి హెడ్మాస్టరు గారు వంగి, "ఏమ్మా, మళ్ళీ పోయిందా?" అని అడిగారు.

"పోయింది సార్," అంది టీచర్ తల ఎత్తకుండా. ఆ తర్వాత పిల్లల వైపు తిరిగి, "రత్నం, అందుకో" అంది.

బొంగురుగా, కాస్త వణుకుతూ మొదలై ఆ స్వరం నిలబడింది. అతిథులు ఉన్నారన్న సంగతి మరిచి అప్పలకొండ లేచి, "అదే, అదే మా పిల్ల!" అని అరిచింది.

హెడ్మాస్టరు గారు ఆ రిపేరు మనిషిని మళ్ళీ మళ్ళీ పిలిపించారు. అతను నొక్కితే నేను పలుకుతాను. "బాగానే ఉందండీ" అని అతను మొత్తుకుంటాడు. పాట మొదలైతే మాత్రం ఆ మెట్టు పలకదు. చివరికి ఆయన విసిగి, వచ్చినవాళ్ళందరికీ ఇది ఎంత చేసినా బాగుపడని మొండి పెట్టె అని చెబుతున్నారు. టీచర్ పక్కనే ఉండి వింటూ ఊరుకుంటుంది. నేనూ ఊరుకుంటాను.