రెండో రింగు

నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగిని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాగున్నవాటి మధ్య బాగోలేనిదాన్ని వెతకడమే నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నవాడికి ఇంటికొచ్చాక కళ్లు మూతపడమంటే ఎలా పడతాయి? పాలు వాసన చూడందే తాగను. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాను. "మీరు అద్దంలో మీ మొహాన్ని కూడా గుర్తింపు కార్డుతో పోల్చుకుని గాని నమ్మరు," అంటుంది మా ఆవిడ. అందులో అబద్ధమేమీ లేదు.

అలాంటివాణ్ని, ముందూ వెనకా చూడకుండా ఒకే ఒక్క పని చేశాను. వాడేసిన రేసు రకం కారు కొన్నాను. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే సీట్లు, ఎర్ర రంగు. కొన్న వారానికే పొగ కక్కడం మొదలుపెట్టింది. నా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఇలాంటి వేగం కార్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. అతనే ఇంజన్ దింపి, మూడు నెలలు దానితోనే కాపురం చేసి, బోల్టు బోల్టూ కడిగి మళ్లీ కట్టాడు.

ఆ ఇంజన్ మీద నాకన్నా అతనికే ఎక్కువ ఆశ. వర్క్‌షాపు నడిపే పెద్దావిడ ముప్పై ఏళ్లుగా ఇంజన్లు కడుతున్న మనిషి. షెడ్డు వెనక ఇంజన్లు కట్టే అద్దాల గదిలో ఆవిడా, ఆవిడ నమ్మిన ఒక్క మెకానిక్కూ తప్ప ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఆ మెకానిక్ ఈమధ్యే పని మానేశాడు. "నువ్వు కట్టిన ఈ ఇంజన్ వెయ్యి కిలోమీటర్లు తిరగనీ. తర్వాత నేనే నడిపి చూస్తాను. చుక్క నూనె కారకపోతే ఇంజన్ గది నీది," అంది పెద్దావిడ. తొమ్మిదేళ్లుగా టైర్లూ బ్రేకులూ చేసి చేసి విసిగిపోయిన నా బావమరిది ఆ మాట విన్న రోజు మా ఇంటికి వచ్చి అక్క చేతులు పట్టుకుని చాలాసేపు నవ్వాడు.

కారు తాళం నా చేతికిస్తూ ఒకే మాట చెప్పాడు. "వెయ్యి అయ్యేదాకా ఏదీ విప్పకు బావా. నూనె ఎంతుందో చూసుకో, చాలు."

విప్పకు అంటే నాకు చేతులు దురద పెడతాయి. అసలే నాకొక అనుమానం మొదలై ఉంది, అది ఆయిల్ ఫిల్టర్ గురించి. కారు తయారుచేసిన కంపెనీ తన పేరుతో అమ్మే ఫిల్టర్ ఉండగా అతను అది కాదని వేరే ఎవరో తయారుచేసిన బయటి ఫిల్టర్ బిగించాడు. కారణం అడిగితే చెప్పాడు.

"కంపెనీది మామూలుగా నడిపేవాళ్లకు బాగానే ఉంటుంది. నువ్వు దీన్ని గట్టిగా తొక్కుతావు. అప్పుడు నూనె ఒత్తిడి పెరిగి కంపెనీ ఫిల్టర్‌లో వాల్వు ముందే తెరుచుకుంటుంది, నూనె వడకట్టకుండానే ఇంజన్‌లోకి పోతుంది. ఇందులో వాల్వు బిగువుగా ఉంటుంది, డబ్బా రేకు కూడా మందం."

"కారు కట్టినవాడికి తెలియనిది వీడెవడికో తెలిసిందా?"

"కట్టినవాడు అందరి కోసం కట్టాడు బావా."

జవాబు నున్నగా ఉంది. నున్నటి జవాబంటే నాకు భయం. పైగా అతని తల మీద కొత్త టోపీ ఉంది, ముందువైపు ఆ బయటి ఫిల్టర్ కంపెనీ గుర్తు. ఎవరిచ్చారంటే, విడిభాగాల దుకాణం అతను ఇచ్చాడన్నాడు. లాభం లేనిదే వ్యాపారి వరదన పోడు అంటారు. ఒక్క ఫిల్టర్‌కు ఎవరైనా టోపీ ఇస్తారా?

ఆ ఆదివారం రెండు రకాల ఫిల్టర్లూ కొత్తవి కొనుక్కొచ్చి, బాల్కనీలో రేకు కత్తెరతో కోసి, లోపలి కాగితం మడతలు లెక్కపెట్టాను. కంపెనీదానిలో యాభై ఎనిమిది. బయటిదానిలో యాభై రెండు. దొరికాడనుకుని వెంటనే ఫోన్ చేశాను.

"మడతలు లెక్కపెడితే దుప్పటి వెచ్చదనం తెలుస్తుందా బావా?" అని నవ్వాడు. "కాగితం ఏ రకమో చూశావా?"

చూడలేదు. చూసినా తెలిసేది కాదు. ఆ నవ్వు మాత్రం రెండు రోజులు చెవిలో తిరిగింది.

ఏడొందల కిలోమీటర్ల దగ్గర నేనే సొంతంగా పరీక్ష పెట్టుకున్నాను. మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో, అందరూ ఆఫీసులకు పోయిన మధ్యాహ్నం, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, కారు ముందు చక్రాలు ఇనుప వాలుపలకల మీదకు ఎక్కించి కిందికి దూరాను. బావమరిది బిగించిన ఫిల్టర్ విప్పి, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచాను. దాని స్థానంలో ఇంకో కొత్త కంపెనీ ఫిల్టర్ పెట్టాను. దాని నోటి చుట్టూ ఉన్న రబ్బరు రింగుకు ఏదో జిడ్డు పూసి ఉంది. ఎవరి చేతి మురికో అనిపించి, గుడ్డతో పొడిగా తుడిచేశాను. చేత్తో బిగించి ముప్పావు చుట్టు తిప్పితే చాలని డబ్బా మీద రాసి ఉంది. దాన్నీ నమ్మలేదు. ఫిల్టర్లు విప్పడానికి వాడే తోలు పట్టీ వేసి బలంకొద్దీ లాగాను.

తర్వాత వారం రోజులు రోజూ కారు నడుపుతూ, ఆగిన ప్రతిచోటా నూనె ఒత్తిడి ఎంతుందో నోటుబుక్కులో రాసుకున్నాను. బావమరిది ఫిల్టర్ ఉన్నప్పుడు రాసుకున్న లెక్కకూ కొత్త లెక్కకూ వెంట్రుకవాసి తేడా లేదు. బుద్ధున్నవాడైతే అక్కడితో ఊరుకునేవాడు. నాకేమో ఇప్పుడు మీటరు మీద అనుమానం వచ్చింది.

ఇంతలో వెయ్యి దగ్గరపడింది. శనివారం పెద్దావిడ వస్తుందని బావమరిది ఫోన్ చేశాడు. కంపెనీ ఫిల్టర్ కనిపిస్తే నా దొంగపని బయటపడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ సెలవు, మళ్లీ కారు కింద. కంపెనీ ఫిల్టర్ ఓ పట్టాన ఊడలేదు. ఊడాక, లోపల లోహపు పొడి ఉందేమోనని టార్చి వేసి మరీ వెతికాను. ఏమీ లేదు. దాన్ని డిక్కీలో పడేసి, దాచిన పాత ఫిల్టర్ యథాస్థానంలో బిగించి, తగ్గిన నూనె పోసి, నేల తుడిచి, చేతులు కడుక్కున్నాను. పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిగిందనుకున్నాను.

శనివారం పెద్దావిడే నడిపింది. పక్కన బావమరిది. వెనక సీటన్న పేరున్న పలక మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా నేను. ఊరు దాటాక ఖాళీ రోడ్డు మీద ఆవిడ ఒక్కసారిగా తొక్కింది. ఇంజన్ మోత వింటూ తల ఊపింది. బావమరిది చెవులు సంతోషంతో ఎర్రబడటం వెనక నుంచి నాకు కనిపించింది.

రెండు నిమిషాలు కూడా గడవలేదు. నూనె ఒత్తిడి ముల్లు కిందికి పడిపోయింది, ఎర్ర దీపం వెలిగింది. ఆవిడ వెంటనే ఇంజన్ ఆపేసినా, ఆగేలోపు లోపల రాయితో కొట్టినట్టు టకటకమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే మా వెనక రోడ్డు మీద పొడుగునా నల్లటి నూనె చార.

పెద్దావిడ రోడ్డు పక్కనే కారు కిందికి దూరింది. ఫిల్టర్ విప్పి బయటికొచ్చి అరచెయ్యి చాపింది. చేతిలో రెండు రబ్బరు రింగులు ఉన్నాయి.

"పాత ఫిల్టర్ రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉంది. చూసుకోకుండా దాని మీదే ఇంకో ఫిల్టర్ బిగించారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటుంటే ఒత్తిడికి జారి నూనె తన్నుకొస్తుంది," అంది. "పని నేర్చుకునేవాడు మొదటి వారంలో చేసే తప్పు ఇది."

ఆ జిడ్డు రింగు ఇంజన్‌కు అతుక్కోకుండా పూసిందని అప్పుడు అర్థమైంది. పొడిగా తుడిచిన రింగు, బలంకొద్దీ లాగిన పట్టీ, అన్నీ ఒక్కసారి కళ్లముందు నిలిచాయి. ఇక బావమరిది నావైపు తిరిగి అడుగుతాడు. నేనెందుకు ముట్టుకుంటానని చెప్పడానికి మాటలు కూడా కూర్చుకున్నాను.

అతను నావైపు తిరగనే లేదు. "ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు ఒక ఫిల్టర్ వేసి తీశాను మేడమ్. దాని రింగు ఉండిపోయి ఉంటుంది. తప్పు నాదే."

"మరి వెయ్యి కిలోమీటర్లు ఎలా ఆగింది?"

"ఎలాగో ఆగింది మేడమ్."

ఆవిడ అతన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను రోడ్డు మీది నూనెను చూశాను. కారును లాక్కెళ్లే బండికి ఆవిడే ఫోన్ చేసింది.

సాయంత్రం అతను మా ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్క పెట్టింది ముట్టలేదు. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"ఫిల్టర్ మార్చిన రోజు ఇంజన్ అంచు తుడిచానక్కా. వేలితో చుట్టూ తడిమి చూశాను. నాకు బాగా గుర్తుంది. అయినా రెండు రింగులు కళ్లారా చూశాను కదా. గుర్తున్నదే అబద్ధమైతే ఇక నా చేతుల్ని నేనెలా నమ్మను? సోమవారం మేడమ్‌తో చెప్పేస్తాను, ఇంజన్లు నాకొద్దని. టైర్లు చేసుకుంటాను."

నాలుగు నెలలుగా నేను ఈ మనిషిని అనుమానిస్తున్నాను. ఫిల్టర్‌ను, దుకాణం వాణ్ని, టోపీని, నవ్వును, దేన్నీ వదల్లేదు. అతను నన్ను ఒక్క నిమిషం కూడా అనుమానించలేదు. నన్ను అనుమానించడం కన్నా తన చేతుల్ని తాను అనుమానించుకోవడమే అతనికి సులువైంది.

పొద్దున పెద్దావిడ రాకముందే డిక్కీలోంచి తీసి చెప్పుల అర వెనక దాచిన కంపెనీ ఫిల్టర్‌ను తెచ్చి అతని చేతుల మధ్య పెట్టాను. రింగు ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది. అతను దాన్ని తిప్పి చూశాడు. వేలితో గాడి చుట్టూ తడిమాడు.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఏడొందల దగ్గర వేశాను. నిన్న తీశాను."

మా ఆవిడ కుర్చీ జరుపుకుని లేచి నిలబడింది. నన్ను తిడుతుందనుకున్నాను. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది, అంతే. అతను ఫిల్టర్ బల్ల మీద పెట్టి, "అయితే తుడిచాను," అన్నాడు. నాతో కాదు, అక్కతో.

సోమవారం అతనికన్నా ముందే వర్క్‌షాపుకు వెళ్లి, పనివాళ్లందరూ వింటుండగా జరిగింది జరిగినట్టు పెద్దావిడకు చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, "మీరు బిస్కెట్లు చూసుకోండి," అంది. ఇంజన్ గది తాళం ఆ రోజే అతని చేతికొచ్చింది.

ఆ గదిలో అతను మొదట కట్టింది నా ఇంజనే. నెలన్నర పట్టింది. కారు తీసుకోవడానికి వెళ్లినప్పుడు లిఫ్టు మీద పైకెత్తి ఉంది. మళ్లీ బయటి ఫిల్టరే వేశాడు. నేనేమీ అడగలేదు. కానీ ఒకటి కనిపించింది. ఫిల్టర్ మీద మొదలై ఇంజన్ మీదకు సాగిన సన్నటి పసుపు రంగు గీత. ఫిల్టర్ ఇసుమంత తిరిగినా గీత రెండుగా విడిపోతుంది. ఆ గీతకు అతను ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకున్నాడు.

"మంచి పద్ధతే," అన్నాను. "అన్ని కార్లకూ ఇలాగే గీస్తున్నావా?"

అతను ఫోన్ జేబులో పెట్టుకుని లిఫ్టు దించే మీట నొక్కాడు.

"లేదు బావా," అన్నాడు. "దీనికొక్కదానికే."