గుడ్ల బండికి ఇంజన్

గుడ్ల బండి ఇంజన్ పట్టేసే ముందు మూడు రోజుల పాటు దీవెన దాన్ని చాలా శ్రద్ధగా గమనించింది. మొదటి రోజు పొద్దున్నే బండి కింద పచ్చటి నీటి చుక్కలు చూసింది. రెండో రోజుకి ఆ చుక్కలు అరచేతంత మడుగయ్యాయి. మూడో రోజు పక్కింటి పిల్లి ఆ మడుగు దాకా వచ్చి, వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోవడం కూడా చూసింది. రేడియేటర్ కారుతోందని ఆమెకు తెలుసు. కానీ ఎవరితోనూ అనలేదు. నాన్న చూసే ఉంటాడనుకుంది. టైర్లకు గాలి పట్టే అతను చూసే ఉంటాడనుకుంది. అంతమంది చూసినదాన్ని తను మళ్ళీ పనిగట్టుకుని చెప్పడం ఏం బాగుంటుందనుకుంది.

నాలుగో రోజు కంకిపాడు దాటగానే ఆ చిన్న ట్రక్కు ఒక్క మూలుగు మూలిగి, రెండు వందల అట్టల కోడిగుడ్లతో రోడ్డు మీద నిలబడిపోయింది.

"మూడు రోజులు చూశావా?" అన్నాడు వాళ్ళ నాన్న జయపాల్.

"చూశాను."

"చూసి?"

"చూశాను."

జయపాల్ మోకాళ్ళ నొప్పులతో క్లచ్ తొక్కలేక రెండేళ్ళ క్రితం బండి కూతురి చేతికిచ్చాడు. ఉయ్యూరు దగ్గర కోళ్ళ ఫారంలో గుడ్లెత్తుకుని విజయవాడ పటమట దాకా నలభై మూడు చోట్ల దించి రావడం ఆమె పని. ఊళ్ళో మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, ఇది బాగయ్యే బాపతు కాదు, వేరేది చూసుకోమన్నాడు.

"శనివారానికి మంచి ఇంజన్ దొరికి సోమవారం బండి కదిలితే సరి," అన్నాడు జయపాల్. "లేదూ, చెత్తది తెచ్చావో, బండి తుక్కుకిచ్చేస్తాను, గుడ్లు దించే లైను ఇంకొకళ్ళు చూసుకుంటారు. నువ్వు ఇంట్లో కూర్చుని ఎంత కావాలంటే అంత చూసుకోవచ్చు."

దీవెనకు ఆ స్టీరింగ్ ముందు తప్ప లోకంలో మరెక్కడా తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకని నాలుగు రోజులు ఫోన్లో సెకండ్‌హ్యాండ్ ఇంజన్లు కొనే విధానం మీద వీడియోలు చూసి, నోటుపుస్తకంలో ఇరవై ఏడు ప్రశ్నలు రాసుకుంది. కింద గీతలు కూడా గీసింది. అవన్నీ రాసుకున్నాక ఇక తనని మోసం చేయడం ఎవరి తరమూ కాదనిపించింది. అడగాల్సింది నోటితో అన్న సంగతి అప్పటికింకా గుర్తుకు రాలేదు.

శనివారం పొద్దున ఆటోనగర్‌కి తోడుగా మేనమామ బాలశౌరి వచ్చాడు. పటమటలో ఏసీలు బాగుచేస్తాడు. తిరిగే యంత్రం ఏదైనా తనకు చుట్టమేనని ఆయన నమ్మకం.

అక్కడ పాత ఇంజన్లమ్మే తిరుపతిరావు షెడ్డులో వాళ్ళ బండికి సరిపోయేవి రెండు ఇంజన్లున్నాయి. రెండూ ఇనప స్టాండ్ల మీద ఉన్నాయి. ఒకటి వెండి రంగు వేసి తళతళలాడుతూ, వీళ్ళు వెళ్ళేసరికే మెత్తగా తిరుగుతోంది. రెండోది తుప్పు రంగులో ఉంది. దాన్ని స్టార్ట్ చేస్తే స్టాండుతో సహా పూనకం వచ్చినట్టు ఊగింది.

బాలశౌరి పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి అడిగి తీసుకుని, కొన వెండి ఇంజన్‌కీ పిడి తన చెవికీ ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"కంప్రెసర్ పోతే గులకరాళ్ళు కదిలినట్టుంటది. ఇందులో అదేం లేదు," అన్నాడు.

"ఇందులో కంప్రెసరే లేదు గురువుగారూ," అన్నాడు తిరుపతిరావు మర్యాదగా.

దీవెన పుస్తకం తెరిచి మొదటి ప్రశ్న అడిగింది. ఇంజన్ల మోతలో అది ఆమె పెదాల దగ్గరే ఆగిపోయింది. రెండోసారి అడిగే ధైర్యం లేక పుస్తకాన్ని మావయ్య చేతికిచ్చింది. ఆయన బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు. పదకొండోది అయ్యేసరికి తిరుపతిరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పన్నెండోది ఆయిల్ మూత తీస్తే పొగొస్తదా అనేగా? రాదండి. పదమూడు, బెల్టు ఎప్పుడు మార్చారని. మార్చామండి. ఆ వీడియో చూసొచ్చినోళ్ళలో ఈ నెల మీరు ఆరోవాళ్ళమ్మా."

దీవెన చెవులు వేడెక్కాయి. అయినా ఆమె దగ్గర వీడియోలో లేని పరీక్ష ఒకటుంది. అది తన సొంత తెలివి. ఉయ్యూరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన గుడ్ల అట్టను వెండి ఇంజన్ మీద పెట్టింది. ముప్ఫై గుడ్లలో ఒక్కటీ కదల్లేదు. తుప్పుదాని మీద పెట్టగానే అన్నీ చలికి పళ్ళు కొట్టుకున్నట్టు టకటకలాడాయి. రెండు చిట్లి, సొన వేడి గొట్టం మీద కారి, క్షణంలో షెడ్డంతా అట్టు వాసన కమ్మింది.

"ఉల్లిపాయ కూడా తెచ్చుంటే టిఫిను అయిపోయేదమ్మాయ్," అన్నాడు బాలశౌరి. "ఇంకేం చూస్తావ్? వెండిదే. మీ నాన్నకి చెప్పేస్తాను. అయ్యా, దాన్ని ఒక్క నిమిషం ఆపండి, ఫోన్ చేసుకోవాలి."

"ఎందుకండీ ఆపడం, ఆ మోత బావగారిని కూడా విననివ్వండి," అన్నాడు తిరుపతిరావు.

బాలశౌరి ఫోన్ పట్టుకుని వీధిలోకి నడిచాడు.

అప్పుడు దీవెన తనకు బాగా వచ్చిన పని చేసింది. నిలబడి చూసింది. టీ తెచ్చినవాడికి మాట వినపడక తిరుపతిరావు మూడుసార్లు అరిచాడు, వెండి ఇంజన్ మాత్రం ఆపలేదు. తుప్పుదాన్ని ఈ గంటలో నాలుగుసార్లు ఆపాడు, నాలుగుసార్లు స్టార్ట్ చేశాడు, లెక్కే లేనట్టు. వెండిది వాళ్ళు రాకముందు నుంచీ తిరుగుతూనే ఉంది.

తన బండి రోజుకి నలభై మూడు చోట్ల ఆగుతుంది. ఆగిన ప్రతిచోటా తను ఇంజన్ ఆపుతుంది, అట్టలు దించి మళ్ళీ స్టార్ట్ చేస్తుంది. ఇరవై ఏడు ప్రశ్నల్లో ఒక్కదాంట్లోనూ ఆ సంగతి లేదు. కింద గీతలు మాత్రం స్కేలుతో గీసింది.

మావయ్య కూడా ఇది చూసే ఉంటాడు అనుకుంది వెంటనే. చూసి, పర్వాలేదనుకునే ఉంటాడు. అంత అనుభవమున్న మనిషి. ఈ మాటలు ఎక్కడో విన్నట్టున్నాయే అనిపించి, విన్నది తన బుర్రలోనే, మొన్న పిల్లి వెళ్ళిపోయిన పొద్దున్నేనని దీవెనకు గుర్తొచ్చింది.

"ఆపండి," అంది.

ఎవరికీ వినపడలేదు. తిరుపతిరావు దగ్గరికి నడిచి వెళ్ళి ఎదురుగా నిలబడింది. "దాన్ని ఆపండి."

"ఎందుకమ్మా?"

"మళ్ళీ స్టార్ట్ చేయడానికండీ."

తిరుపతిరావు ఆమెను ఆ పొద్దుటి నుంచి మొదటిసారి సరిగ్గా చూశాడు. చూసి, ఆపాడు. సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ గిరగిరా తిరిగింది కానీ అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు. లేవలేదు.

"బ్యాటరీ దిగినట్టుంది."

"ఆ బ్యాటరీతోనే దాన్ని నాలుగుసార్లు స్టార్ట్ చేశారు కదండీ," అంది తుప్పు ఇంజన్ వైపు చూపించి. ఈసారి మాట పెదాల దగ్గర ఆగలేదు.

తిరుపతిరావు చేతులు తుడుచుకున్నాడు. "వేడి మీద డీజిల్ పంపు సతాయిస్తదమ్మా. చల్లారితే లేస్తది. పొద్దున ఎక్కితే ఏలూరు దాకా ఆగని బండికి ఇది బంగారం."

"నాది నలభై మూడు చోట్ల ఆగుతుందండీ."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా తల్లీ?"

దీవెన రెండో ఇంజన్ దగ్గరికి నడిచింది.

తుప్పుదాన్ని అరగంట తిప్పించి, బాగా వేడెక్కాక పదిసార్లు ఆపించి, పదిసార్లు స్టార్ట్ చేయించింది. పదిసార్లూ సెల్ఫ్ తగలగానే అందుకుంది. ఊగుతోందేమిటని అడిగితే, స్టాండ్ కింద రబ్బర్లు అరిగాయని, బండిలో కొత్త రబ్బర్లు వేయిస్తే ఊగదని చెప్పాడు. అంటే ఉయ్యూరు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన గుడ్లతో తను పరీక్షించింది ఇంజన్లను కాదు, నాలుగు రబ్బరు ముక్కలను.

ఈలోగా తిరిగొచ్చిన బాలశౌరి జరిగింది తెలుసుకుని, జయపాల్‌కి మళ్ళీ ఫోన్ కలిపాడు. "వెండిది వద్దు బావా, రెండోది తీసుకుంటున్నాం. వినగానే నాకు డౌటొచ్చింది... ఆపించి చూశాం... దీవెనా? ఇక్కడే ఉంది, చూస్తా ఉంది."

దీవెన చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. తుప్పు ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

"నాన్నా, సోమవారం బండి నేనే తీస్తాను."

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

"సోమవారం బండి నేనే తీస్తాను."

"ఏం వినపడట్లా!"

"సోమవారం బండీ! నేనే తీస్తానూ!"

తన గొంతు అంత దూరం పోగలదని దీవెనకు ఇరవై నాలుగేళ్ళలో తెలియదు. ఎదురు షెడ్డులో వెల్డింగ్ చేస్తున్నాయన నిప్పురవ్వలు ఆపి, మొహం మీది అద్దం పైకెత్తి చూశాడు.

"తీయమ్మా తీయ్, నిన్నెవరొద్దన్నారు?" అన్నాడు.

దీవెన ఫోన్ చెవికి అదుముకుంది.

"సర్లే, తీయి," అన్నాడు జయపాల్. "ఊరికే అరవమాక."