బాలికి గార్డియన్ ఎవరు

అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, పెంకులు వొలిచి పెట్టి, గిన్నెలు తోమి, ఆయా బాలి బూర్గంపాడు నెట్ సెంటర్‌కు బయల్దేరింది. పక్కనే ఆమె నీడ. బాలికి ముప్పై తొమ్మిదేళ్లు, నీడకు పదకొండు. బడి మాన్పించి పెళ్లి చేసిన రోజునే నీడ పెరగడం మానేసింది. రెండు జడలు, చంకలో పలక. తండాలో అదేం వింత కాదు. బాలి వస్తుంటే ముసలమ్మలు "పిల్లను తొక్కేరు, జరుగున్రి" అని మనవళ్లను పక్కకు లాగుతారు, అంతే.

సోమవారం ఓపెన్ పదో తరగతి పరీక్ష. పాసైతే ఆయా టీచర్ కావచ్చు. హాల్‌టికెట్ మెయిల్‌కు వచ్చింది. మెయిలే తెరుచుకోవడం లేదు.

"అక్కా, నువ్వు చిన్నపిల్లవంట" అన్నాడు నెట్ సెంటర్ తిరుపతి.

"ఎవరన్నరు?"

"మెయిలే అంటున్నది. మూడేండ్లంట. అమ్మానాయనల పర్మిషన్ గావాల్నంట."

"వాళ్లు పోయి పదేండ్లాయె. ఏడికెళ్లి తేవాలె?"

తీరా చూస్తే పుట్టిన తేదీ 2022 జులై అని ఉంది. అకౌంట్ తెరిచిననాడు తిరుపతి అడిగితే "పెద్ద వరదొచ్చినప్పుడు పుట్టిన" అంది బాలి. ఆమె చెప్పింది ఎనభై ఆరు వరద. గోదారి ఊళ్లోకొస్తే తల్లి ఆమెను బడి డాబా మీద కన్నది. ఇరవై నాలుగేళ్ల తిరుపతికి తెలిసిన పెద్ద వరద మొన్నటిదే.

"మనిషిని ముందటబెట్టుకొని గదెట్ల కొట్టినవ్‌రా? మూడేండ్లదాని లెక్క కనబడుతున్ననా?"

తిరుపతి ఆమెను చూశాడు, నేల మీద నీడను చూశాడు. "ఏమో అక్కా. నాకేం సమజైతలేదు."

అంతలో సారపాక పేపరు మిల్లులో డ్యూటీ దిగి మొగుడు భీమ్లా వచ్చాడు. సంగతి విని పెళ్లాన్ని చూసి నవ్వాడు.

"మిషన్‌కు గూడ తెలిసింది నీ తెలివెంతో. నేనుంట గార్డియన్. మెయిల్ మాత్రం నా ఫోన్లనే ఉండాలె. గావాల్సినప్పుడు అడుగు, తెరుస్త."

బాలి లెక్క వేసుకుంది. పదకొండేళ్లప్పుడు పెద్దదానివైనవు, కాపురం చెయ్యమన్నారు. ముప్పై తొమ్మిదేళ్లకు చిన్నదానివి, అడిగి చెయ్యమంటున్నారు. మధ్యలో తను సరైన వయసులో ఉన్నదెప్పుడో ఎంత ఆలోచించినా తట్టలేదు.

"పిల్ల, గార్డియన్ ఒకే ఫొటోల ఉండాల్నంట" అని చదివాడు తిరుపతి.

"పిల్ల యాడుంది?" అన్నాడు భీమ్లా.

బాలి స్టూలు లాక్కుని కిటికీ ఎండలో గోడవారగా కూర్చుంది. నీడ నేల మీంచి లేచి గోడ మీద ఆమె పక్కన నిలబడి, జడలు ముందుకేసుకుంది.

"ఇగో పిల్ల. తియ్యి ఫొటో."

"మరి గార్డియన్?"

"నేనే. దీన్ని ఇన్నేండ్లు సాకింది ఎవరనుకున్నవ్?"

తెర మీద రెండు ముఖాల చుట్టూ రెండు గుండ్రాలు పడ్డాయి. పిల్ల పేరు బాలి. గార్డియన్ పేరు బాలి.

"అక్కా, నువ్వు దీనికేమైతవని అడుగుతున్నది."

బాలి నీడ వంక చూసింది. "తల్లి అని కొట్టు."

ఆకుపచ్చ టిక్కు పడింది. పిల్ల పుట్టిన తేదీ గార్డియన్ మార్చొచ్చట. బాలి వంగి ఒక్క వేలితో తనే కొట్టింది, 1986. మెయిల్ తెరుచుకుంది. ప్రింటర్లోంచి హాల్‌టికెట్ వేడిగా వచ్చింది.

"మరి నేనెందుకొచ్చినట్టు?" అన్నాడు భీమ్లా.

"సోమారం బండి మీద దింపుదువు గాని."

సోమవారం భద్రాచలంలో పరీక్ష అయ్యాక బాలి గేటు బయటికొచ్చింది. బండి దగ్గర నిలబడ్డ భీమ్లా పిల్లను తొక్కకుండా అలవాటుగా కాలు పక్కకు తీసుకున్నాడు. కానీ ఎండలో బాలి పక్కన బాలి అంత నీడే ఉంది, కొప్పుతో సహా.

"పిల్లేది?" అన్నాడు అటూ ఇటూ వెతుకుతూ.

బాలి బండెక్కి కూర్చుంది.

"బడికి పోయింది."