టిక్కీ తొక్కాలని

ఎనభై అయిదు వేసవిలో పద్నాలుగేళ్ల వకుళ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యి అతుక్కున్నా నాయనమ్మ దుర్గాంబ పిల్లని అరుగు దిగనివ్వలేదు. పిల్లది లావు, ఎముకలు పెళుసట! కూర్చోబెట్టి సున్నుండలు మాత్రం తినిపించేది. “బరువుకి భయపడొద్దు, గెంతనివ్వండి, ఎముక గట్టిపడుద్ది” అన్న గుంటూరు డాక్టరుకి మతిపోయిందని తేల్చేసింది.

ఎదురుగా కల్లంలో మిరపకాయలు టిక్కీలకి, అంటే పెద్ద గోతాలకి, ఎత్తుతున్నారు. కూలికొచ్చిన కరీమున్ గోతాంలోకి దిగి, కాయలు అణిగేలా గెంతుతోంది. ఆ చప్పుడుకి అరుగు మీద వకుళ అరికాళ్లు వాటంతటవే లేచిపడుతున్నాయి. పొద్దుటినుంచీ అటే చూస్తోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ గోతాంలో దిగితే చాలనిపించింది.

నాయనమ్మ వంటింట్లోకి వెళ్లగానే పరిగెత్తింది.

“నన్నూ ఇందులో దించవా అక్కా?”

కరీమున్ నవ్వుతూ గోతాంలోంచి బయటికొచ్చి, చెయ్యందించింది. వకుళ గెంతింది. మళ్లీ గెంతింది. కాయలు గలగలా అణిగిపోయాయి.

“ఒసేయ్, విరిగిపోతావే!” గుమ్మంలోంచి దుర్గాంబ కేక.

కరీమున్ కంగారుపడింది. “బయటికి రా పాపా, అలవాటు లేని కాళ్లు. మండిపోతాయి.”

“మండనీ అక్కా” అంది వకుళ, గెంతుతూనే. “నాకూ కాళ్లున్నాయని ఇవాళే తెలిసింది.”